ఎడమ కంటి గీత

కోచ్ గారు నా కళ్లద్దాలు అడిగితే ఎందుకో అనుకుని తీసి ఇచ్చాను. ఆయన జేబులోంచి తెల్ల టేపు తీసి, పళ్లతో తెంపి, ఎడమ అద్దం మీద అంటించేశారు. "కొన్నాళ్లు ఇది పెట్టుకుని సాధన చెయ్యండి మేడమ్. ఎడమ కంటి పెత్తనం తగ్గుతుంది, కుడి కన్ను దారికొస్తుంది" అన్నారు.

నేను ఆ టేపును గోటితో గీకి తీసి, ఉండ చుట్టి, ఆయన చేతిలోనే పెట్టాను.

"నా ఎడమ కన్ను జోలికి మాత్రం రాకండి సార్" అన్నాను.

ఆయన నవ్వారు. పక్కనున్న వాళ్లూ నవ్వారు. నలభై దాటిన ఆడది, నిన్న కాక మొన్న గోల్ఫ్ కర్ర పట్టుకున్నది, నేర్పే మనిషికే ఎదురు చెబితే నవ్వు రాదా మరి. కానీ నన్ను దిద్దబోయిన మొదటి మనిషి ఆయన కాదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందే మా అమ్మ నా చేతిని దిద్దేసింది. ఇప్పుడు ఈయన కన్ను అడుగుతున్నారు. చెయ్యి పోగొట్టుకున్న వయసులో నాకు కాదనడం తెలీదు. ఇప్పుడు బాగా తెలుసు.

నేను పుట్టడమే పుర్రచేతి వాటంతో పుట్టాను. మాది పాతపట్నం పక్కన ఒక పల్లె, వరీ చోడీ పండించే ఇల్లు. నాకు ఊహ తెలిసేసరికి నా ఎడమ చెయ్యి ఆ ఇంటికి పెద్ద సమస్య అయి కూర్చుంది. పొయ్యి దగ్గర ముంత అందుకున్నా, అరుగు మీద ముగ్గుపిండి పట్టుకున్నా, ముందుకొచ్చేది అదే.

"ఏటే ఆ ఎడంసెయ్యి? రేపు అత్తోరింట్లో ఆ సేత్తో వడ్డిస్తే ఎవులు తింతారే?" అనేది అమ్మ.

అన్నం వేళకు నా ఎడమ చేతికి వేపాకు ముద్ద రాసి, పాత చీర పీలిక చుట్టి, ఆ పీలిక కొసను నా మొలతాడుకు కట్టేసేది. కుడి చేత్తో కలుపుకుంటే సగం ముద్ద కంచంలో, సగం ఒళ్లో పడేది. చూసిన ప్రతి ఇల్లాలూ ఓ మాట అనేది. "పెళ్లిలో తలంబ్రాలు ఏ సేత్తో పోస్తావే పిల్లా?" అని ఒకావిడ అడిగితే ఇంటిల్లిపాదీ ఘొల్లుమన్నారు. తలంబ్రాలు రెండు చేతులతో పోస్తారన్న సంగతి పీటల మీద కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. ముందే తట్టి ఉంటే ఆవిడకు అప్పుడే చెప్పేదాన్ని.

మొత్తానికి చెయ్యి మారింది. ఇప్పుడు రాసేది, తినేది, కూరలు తరిగేది అన్నీ కుడి చేత్తోనే. నన్ను చూసి పుర్రచేతి మనిషి అని ఎవరూ అనుకోరు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు మాత్రం తల దానంతటదే తిరిగి, ఎడమ కన్ను సూది ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఆ సంగతి అమ్మ చూడలేదు. చూసుంటే దానికీ ఓ పీలిక వెతికేది.

ఒకసారి ఊళ్లో జాతరకు బెలూన్లు కాల్చే దుకాణం వచ్చింది. మా మావ నన్ను తీసుకెళ్లి తుపాకీ చేతికిచ్చాడు. కుడి చేతి దాన్ని కదా, కుడి భుజానికే ఆనించుకున్నాను. తీరా గురి చూడబోతే ఏమీ కనబడదు. మెడ మడత పెట్టి, చెంప తుపాకీ మీంచి అవతలికి వంచి, ఎడమ కన్ను తీసుకొచ్చి దాని మీద పెట్టాను. అందరూ నవ్వారు.

"ఒసే కోడలా, ఆ కన్ను ముయ్యే, ఈ కంట సూడు" అన్నాడు మావ.

మూసి చూశాను. గుళ్లన్నీ వెనకున్న గోనెపట్టాకు తగిలాయి. ఆఖరి గుండుకు నాకు విసుగొచ్చి తుపాకీ ఎడమ భుజానికి మార్చేశాను. ఎర్ర బెలూను ఠప్పున పేలింది. నేను ఎగిరి గంతేసే లోపే వెనకనుంచి అమ్మ వచ్చి నా ఎడమ చేతి మీద ఒక్కటి వేసింది. "మళ్లీ మొదలెట్టినావా?" అంది. పేలిన బెలూను మాట ఎవరూ ఎత్తలేదు. నాకు ఆ దెబ్బ మీద ఇప్పటికీ కోపమే.

చదువుకున్నాను, పెళ్లయింది, చీపురుపల్లి దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. లారీల్లో వచ్చే ఖనిజాన్ని పొడి చేసి, కరిగించి, అందులో ఏముందో తేల్చే ల్యాబులో నా పని. కాలనీ వెనక మెట్ట నేల ఉంది. ఒకవైపు జీడితోట, ఇంకోవైపు తాటిచెట్లు, మధ్యలో బంతి పడాల్సిన గుంటలు తొమ్మిది ఉన్న గోల్ఫ్ మైదానం. టీవీలో చూపించే పచ్చటి తివాచీ మాకెక్కడిది? తాగే నీళ్లకే కటకట. అందుకని మా దగ్గర గుంట చుట్టూ గుండ్రంగా ఇసుక పరిచి, నూనె కలిపి, అణచి గట్టి చేస్తారు. దాన్ని బ్రౌను అంటారు. బంతి దాని మీద దొర్లితే సన్నటి గీత పడుతుంది. ఒకరు కొట్టగానే చెక్క పలకతో లాగి ఆ గీత చెరిపి, తర్వాతి వాళ్లకు దారి చదును చెయ్యాలి. ఇసుక మీద ఆడేచోట అది మర్యాద.

ఈ మధ్య ఆడవాళ్లకూ ఆట నేర్పుతామన్నారు. ఫ్యాక్టరీ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న అమ్మాయి నన్ను లాక్కెళ్లింది. నన్ను వొదినా అని పిలుస్తుంది, చుట్టరికం ఏమీ లేకపోయినా. కోచ్ గారు ఫ్యాక్టరీలోనే పెద్ద ఇంజనీరు. విశాఖపట్నంలో నేర్చుకుని వచ్చారట. కోపిష్టి కాదు, ఓపిగ్గానే నేర్పుతారు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, లోకంలో అందరికీ ఆయన కళ్లే ఉన్నాయనుకుంటారు.

దూరం కొట్టడంలో నాకు పెద్ద ఇబ్బంది రాలేదు. చిక్కంతా బ్రౌను మీదే. కోచ్ గారి పద్ధతి ఇది. ముందు బంతి వెనక గొంతుక్కూర్చోవాలి. చెయ్యి చాచి కర్రను తాపీ మేస్త్రీ తూకపు దారంలా వేలాడదీయాలి. ఎడమ కన్ను మూసి, కుడి కంటికి కర్రా, గుంటలో పాతిన జెండా ఒకదాని మీద ఒకటి పడేలా చూసుకోవాలి. ఆ దారిలో బంతికి కొంచెం ముందు ఓ ఇసుక పలుకును గుర్తు పెట్టుకోవాలి. తర్వాత పక్కకొచ్చి, బంతిని రెండు పాదాల సరిమధ్యన ఉంచుకుని, ఆ గుర్తు మీదుగా కొట్టాలి.

అన్నీ అలాగే చేసేదాన్ని. కుడి కంటితో చూసినంతసేపూ దారి చక్కగానే ఉండేది. పక్కన నిలబడి రెండు కళ్లూ తెరిచేసరికి ఆ దారి జరిగిపోయేది. ఇందాక చూసింది నిజమా, ఇప్పుడు కనిపిస్తున్నది నిజమా తెలీదు. చేతులు ఆఖరి క్షణంలో ఏదో సర్దేవి. బంతి ఓసారి గుంటకు ఇటు, ఓసారి అటు. వెనక్కి తిరిగి చూస్తే ఇసుక మీద గీత వంకరగా ఉండేది. గీత అబద్ధం చెప్పదు కాబట్టి నాకు నోరు లేచేది కాదు.

నా అవస్థ చూసి నర్సమ్మాయి ఓ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుంది.

"వొదినా, రెండు సేతులూ సాపి, మద్దెలో సిన్న కన్నం ఉంచి, అందులోంచి ఆ తాటిసెట్టు మొవ్వు సూడు. సూసినావా? ఇప్పుడు ఎడమ కన్ను ముయ్యి."

మూశాను. తాటిచెట్టు మాయమైంది. కన్నంలో ఉత్త ఆకాశం మిగిలింది.

"ఇప్పుడు అది తెరిసి, కుడి కన్ను ముయ్యి."

తాటిచెట్టు ఉన్న చోటే ఉంది.

"అయితే నీది ఎడమ కంటి గురి. సేతుల్లో ఒకటి ముందుకొచ్చినట్టే, కళ్లలోనూ ఒకటి పెద్దరికం సేస్తాది. రెండోది దాని ఎనకాల నడుస్తాది" అంది.

నేను అక్కడే నవ్వడం మొదలుపెట్టాను. ఆ పిల్ల కంగారుపడింది. జాతరలో మెడ మడత పెట్టిన నేనే నాకు కనబడ్డాను. వేపాకు రాసి, పీలిక చుట్టి, ఊరంతా కలిసి నా చెయ్యి మార్చేశారు. కన్ను ఒకటుందని ఎవరికీ గుర్తు లేదు. అది లోపల ఏ చప్పుడూ చెయ్యకుండా, ఎవరి మాటా వినకుండా, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండిపోయింది. నా ఒంట్లో నాదంటూ మిగిలింది అదేననిపించింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను.

ఈ సంగతే మర్నాడు కోచ్ గారికి చెప్పాను. టేపు కథ అప్పటిదే. "చెయ్యి కుడిదైతే కన్నూ కుడిదే ఉండాలి మేడమ్. రెండూ చెరో దారి పడితే ఆట కుదరదు" అన్నారు. డిసెంబరులో విజయనగరం అవతలి మరో ఫ్యాక్టరీ కాలనీతో స్నేహపూర్వక పోటీ ఉంది. ఈసారి ఆడవాళ్ల జంట ఒకటి దిగాలి. నర్సమ్మాయికి జోడీగా నన్ను అనుకున్నారు. టేపు పెట్టుకుంటేనే చోటు అని తేల్చేశారు.

ఆడదానికి ఎడమ కన్ను అదిరితే శుభమని చెప్పేది ఈ లోకమే. అదే కంటితో చూస్తానంటే తప్పెలా అయింది? ఆ ప్రశ్నే ఆయన్ని అడిగాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు నిలబడ్డారు. నా కుందేటికీ మూడే కాళ్లు. జట్టులో చోటు పోతే పోనీ, కన్ను మాత్రం ఇవ్వనని ఇంటికొచ్చేశాను.

ఇంట్లో అమ్మ ఉంది. శ్రీకాకుళంలో కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ చేయించి, కట్టు విప్పి కన్ను కుదుటపడేదాకా నా దగ్గరే ఉంచుకున్నాను. అమ్మ గురి ఎప్పుడూ కుడి కంటిదే. భోజనాల దగ్గర, తనుండగా ఇంకొకరి చేత నీళ్లు పోయించుకోవడమేమిటని చెంబు తనే అందుకుంది. గ్లాసు పక్కన పోసింది. మళ్లీ పోసింది, మళ్లీ పక్కనే. నీళ్లు చాప మీదకు పారాయి. నెయ్యి చుక్క వెయ్యడంలో కూడా గురి తప్పని మనిషి, తడిసిన చాపను అరచేత్తో తడిమింది.

"ఇదేటే ఇది? కన్ను కట్టీస్తే సెయ్యి కూడా మాట ఇనదా?" అంది.

"మరి నా చెయ్యే కట్టేసినప్పుడు నాకెలా ఉండుంటుందే అమ్మా?" అన్నాను. ఇన్నేళ్లలో అడగని మాట అలా బయటికొచ్చేసింది.

అమ్మ తగ్గే మనిషి కాదు. "అప్పుడందరం అలగే సేసినాం. నిన్నేటి సంపేసినానా? సదూకున్నావు, ఉజ్జోగం సేస్తన్నావు" అంది. తర్వాత చెంబు నా వైపు తోసి, "పొయ్యి" అంది. నేను కుడి చేత్తో పోశాను, అలవాటు కొద్దీ. పోశాక నా చేతిని చూసి నాకే ఒళ్లు మండింది.

మర్నాడు డ్యూటీకి ముందే ఒక్కదాన్నే మైదానానికి వెళ్లి నా పద్ధతి నేను పెట్టుకున్నాను. బంతి వెనక కూర్చునేటప్పుడు ముక్కుకు సూటిగా కాకుండా, ఎడమ కంటికి సూటిగా దారి ఉండేలా కొద్దిగా కుడికి జరిగాను. కర్ర ఎడమ కంటితోనే చూశాను. నిలబడ్డాక బంతిని మధ్యలో కాకుండా కొంచెం గుంట వైపు, సరిగ్గా ఎడమ కంటి కింద పడేలా పెట్టుకున్నాను. జెండా చూడాలంటే తల ఎత్తకుండా, దిండు మీద తల దొర్లించినట్టు దారి వెంటే తిప్పాను. ఎడమ కన్ను ఎలాగూ గుంట వైపే ఉంది, దానికి ముక్కు కూడా అడ్డం రాదు. రెండు కళ్లూ తెరిచాను. దారి జరగలేదు.

కొట్టి, గీత చూశాను. చెరిపి మళ్లీ కొట్టాను. ఒకటీ అరా తప్ప గీతలన్నీ తిన్నగా వచ్చాయి. గుంటలో పడ్డవి కొన్ని, పడనివి కొన్ని. దూరానికి తగ్గ బలం నాకింకా పట్టుబడలేదు. దారి మాత్రం పట్టుబడింది. ఆ పొద్దున అక్కడెవరూ లేరు గానీ, ఉంటే కేక పెట్టి చూపించేదాన్ని.

జట్టు పేర్లు రాసే రోజున నర్సమ్మాయి కోచ్ గారి దగ్గరకెళ్లి, "వొదిన నేకపోతే నాను ఆడను సార్" అనేసింది. ఎండలో తొమ్మిది గుంటలూ తిరగడానికి ఇంకో ఆడమనిషి దొరకలేదు. ఆయన ఒప్పుకున్నారు, కాకపోతే నన్ను పిలిచి, "ఓడిపోతే మాత్రం ఆడలేక మద్దెల ఓడని, కన్ను మీద పెట్టకండి" అన్నారు.

"ఓడితే నా చేతుల మీద పెట్టుకుంటాను సార్. అవి ఎలాగూ దిద్దినవే" అన్నాను.

పోటీ రోజు కాలనీ అంతా వచ్చింది. కట్టు విప్పేశారు కాబట్టి అమ్మ కూడా నల్లద్దాలు పెట్టుకుని, కొబ్బరి లౌజు డబ్బా ఒళ్లో పెట్టుకుని షామియానా కింద కూర్చుంది. ఆట ఏమిటో ఆమెకు తెలీదు. కూతురు కర్ర పట్టుకుని ఎండలో తిరుగుతుంటే ఎవరైనా ఏమైనా అంటారేమోనని కాపలా వచ్చింది.

చివరి గుంట దాకా రెండు జట్లూ సరిసమానంగా ఉన్నాయి. ఆఖరి బ్రౌను మీద నాది ముందు వంతు. దూరం కొంచెం ఎక్కువే. పడితే గెలిచే అవకాశం మాది. నేను కుడికి జరిగి గొంతుక్కూర్చుని కర్ర వేలాడదీశాను. వెనకనుంచి కోచ్ గారి గొంతు వినబడింది. "మధ్యలోకి మేడమ్, మధ్యలోకి." నేను కదల్లేదు. లేచి, బంతిని ఎడమ కంటి కిందకు తెచ్చుకుని, తల దొర్లించి దారి చూసి, కొట్టాను.

బంతి దొర్లింది. దొర్లి దొర్లి, గుంటకు జానెడు ముందు ఆగిపోయింది.

తర్వాత అవతలి జట్టావిడ, తన బంతి కాస్త పక్కన ఉండి నా గీత దారికి అడ్డం రాదు కాబట్టి, దాన్ని చెరపమనకుండానే కొట్టింది. ఆమెది పడింది. చప్పట్లు వాళ్లకే. మేం ఓడిపోయాం.

"టేపు పెట్టుకోమన్నాను" అన్నారు కోచ్ గారు, పెద్దగా కాదు, నాకు వినబడేలా. మైదానం మనిషి చెక్క పలక పట్టుకుని బ్రౌను చదును చెయ్యడానికి వచ్చాడు.

"ఆగు బాబూ" అన్నాను. "ఎవరూ చెరపకండి. సార్, మీరిలా రండి."

అందరూ చూస్తున్నారు. ఆయన రాక తప్పలేదు. బంతి మొదలైన చోట ఆయన్ని నిలబెట్టి, "ఇప్పుడు మీ కంటితోనే చూడండి" అన్నాను. ఆయన గొంతుక్కూర్చున్నారు. అలవాటు చొప్పున కర్ర వేలాడదీసి ఎడమ కన్ను మూశారు. ఇసుక మీద నా గీత దారం లాగి కొట్టినట్టు ఉంది. గుంట నోటికి సరిమధ్యకు ఎదురుగా వెళ్లి, ఆ జానెడు దూరంలో ఆగింది. అవతలావిడ గీత దాని పక్కనే ఉంది, చివర్లో కొంచెం వంగి గుంట అంచు పట్టుకుని లోపల పడింది. రెండు గీతలూ ఆయన చాలాసేపు చూశారు.

"బలం తగ్గింది" అన్నారు చివరికి.

"తగ్గింది. బలం తెచ్చుకుంటాను. కన్ను తప్పిందా, చెప్పండి."

"లేదు" అన్నారు. అని లేచి, మోకాళ్ల మీది ఇసుక దులుపుకున్నారు. నాకు ఆ ఒక్క మాట చాలు. కప్పు వాళ్లే పట్టుకుపోనీ.

అమ్మ ఎప్పుడొచ్చిందో నా వెనకే నిలబడి ఉంది. నల్లద్దాలు నుదుటి మీదకు ఎత్తి, కొత్త కంటితో ఆ గీత పొడవునా చూసింది.

"ఇది నువ్వు గీసినావా?"

"నా ఎడమ కన్ను గీసింది."

"వంకర నేదు" అంది. డబ్బా మూత తీసి ఓ కొబ్బరి లౌజు పైకెత్తింది. నేను ఎడమ చెయ్యి చాపాను.

అమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది. "ఆ సెయ్యి..." అని మొదలుపెట్టింది. నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చుట్టూ కాలనీ వాళ్లు, అవతలి జట్టు వాళ్లు, కోచ్ గారు. అమ్మ ఒకసారి వాళ్లందరి వంకా చూసి, నా వంక చూసి, లౌజు తెచ్చి నా ఎడమ అరచేతిలో పెట్టింది.

"మొండిదానా, ఎవులూ సూడకుండా బేగి తినీయే" అంది గొంతు తగ్గించి.

అందరూ చూస్తుండగా, నిదానంగా తిన్నాను.